అణు కేంద్రంలో 16 శాతం: ఆస్టిన్ ఎందుకు బయటపడలేకపోయింది?

"సిటీకి వాటా ఉందిగా, నచ్చకపోతే అమ్మేసి బయటపడొచ్చుగా!" అమెరికాలోని టెక్సస్‌లో ఉన్న సౌత్ టెక్సస్ ప్రాజెక్ట్ అనే అణు విద్యుత్ కేంద్రం పేరెత్తితే చాలు, ఈ మాటే వినబడుతుంది. విన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే అందులో వాటా ఉన్న ఆస్టిన్ నగరం సరిగ్గా అదే చేయబోయింది. 1981లో ఓటర్లు తమ 16 శాతాన్ని అమ్మేయమన్నారు. కొనేవాళ్ళే దొరకలేదు.

అది స్టాక్ మార్కెట్ షేరు కాదండీ, ఉమ్మడి బోరులో వాటా. నలుగురు కలిసి బోరు వేయించారు. నీళ్ళు వాటా ప్రకారం, ఖర్చూ వాటా ప్రకారం. కానీ మోటారు స్టార్టర్ ఒక్కరి దగ్గరే ఉంటుంది. ఇక్కడ అది 30.8 శాతం ఉన్న హ్యూస్టన్ లైటింగ్ అండ్ పవర్ అనే కరెంటు కంపెనీ చేతిలో ఉండేది. శాన్ ఆంటోనియో నగరానికి 28, సెంట్రల్ పవర్ అండ్ లైట్ కంపెనీకి 25.2, మిగతాది ఆస్టిన్‌ది.

1973లో ఆస్టిన్ ఓటర్లు సరే అన్నప్పుడు మొత్తం అంచనా సుమారు 100 కోట్ల డాలర్లు. రెండు రియాక్టర్లూ పూర్తయ్యేసరికి 500 కోట్లు దాటింది. మధ్యలో, 1981లో, కట్టే కంపెనీ బ్రౌన్ అండ్ రూట్‌ని తప్పించారు. ఆ కంపెనీతో గొడవ 1985లో 75 కోట్ల డాలర్ల రాజీతో తీరింది. మరి స్టార్టర్ పట్టుకున్నవాళ్ళ సంగతి? పని సరిగ్గా నడిపించలేదంటూ ఆస్టిన్ 1983లో హ్యూస్టన్ కంపెనీ మీద కేసు వేసింది. 1989లో డల్లాస్‌లో జ్యూరీ కంపెనీ వైపే నిలిచింది. 1992లో అప్పీలూ పోయింది. నా దృష్టిలో ఆస్టిన్ నిలదీయడం న్యాయమే. బిల్లులో వాటా కట్టేవాళ్ళకి అడిగే హక్కు ఉండాలి. కానీ ఖర్చు పెరిగినంత మాత్రాన పరిహారం రాదు, ఒప్పందం మీరారని రుజువు కావాలి.

1993లో రెండు రియాక్టర్లూ ఏడాదికి పైగా ఆగాయి. ఆస్టిన్ మళ్ళీ కేసు వేసింది, చివరికి రాజీ.

ఇక 2023. అప్పటికి వాటాలు చేతులు మారాయి. ఎన్‌ఆర్‌జీ అనే కరెంటు కంపెనీ దగ్గరున్న 44 శాతాన్ని కాన్‌స్టెలేషన్ అనే మరో కరెంటు కంపెనీ 175 కోట్ల డాలర్లకి కొంటానంది. శాన్ ఆంటోనియో నగరపు కరెంటు సంస్థ సీపీఎస్ ఎనర్జీకి 40 శాతం ఉంది. బయటివాళ్ళకి అమ్మేముందు బోరు భాగస్థులని అడగాలి, అది ఒప్పందంలో ఉంది అంటూ సీపీఎస్ కోర్టుకెక్కింది. ఆస్టిన్ కూడా కలిసింది. అవతలి వాదన నాకు భలే ఆసక్తిగా అనిపించింది: మేం బోరు వాటా అమ్మట్లేదు, ఆ వాటా ఏ కంపెనీ పేరున ఉందో ఆ కంపెనీనే అమ్ముతున్నాం! 2006లో ఎన్‌ఆర్‌జీ చేతికి ఆ 44 శాతం వచ్చింది కూడా టెక్సస్ జెన్‌కో కంపెనీని కొనడం వల్లే.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. 2024లో రాజీ కుదిరింది. సీపీఎస్ 2 శాతం కొనుక్కుంది. ఇప్పుడు కాన్‌స్టెలేషన్‌కి 42, సీపీఎస్‌కి 42, ఆస్టిన్‌కి 16. ఆ 16 శాతం మీద ఆస్టిన్‌కి 400 మెగావాట్లకు పైగా కరెంటు వస్తోంది. 3, 4 రియాక్టర్లు కడదామన్నప్పుడు మాత్రం ఆస్టిన్ చేరలేదు. శాన్ ఆంటోనియో చేరింది, 2009లో కోర్టుకెళ్ళింది. ఆ కేసు గురించి వచ్చే వీడియోలో మాట్లాడుకుందాం.