వైజాగ్‌లో కూర్చుని అమెరికా ఇంటర్వ్యూ: వాళ్ల టైము, మన కరెంటు

హాయ్ అండీ, నమస్తే! ఈసారి వ్లాగు న్యూజెర్సీ నుంచి కాదు, ఎంవీపీ కాలనీలో మా ఇంటి వెనక గది నుంచి. ఇక్కడి నుంచే అక్కడి కంపెనీకి ఇంటర్వ్యూ ఎలా ఇవ్వాలని చుట్టాల పిల్లలు ఒకటే అడుగుతున్నారు. ప్రశ్నలూ జవాబులూ మీరెలాగూ బట్టీ పడతారు, వాటి జోలికి పోను.

ముందు టైము సంగతి. అమెరికాలో ఏడాదికి రెండుసార్లు గడియారం మారుస్తారండీ. మార్చి రెండో ఆదివారం గంట ముందుకి, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి. అందుకే న్యూయార్క్‌లో పొద్దున్న 9 అంటే వేసవిలో మనకి సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. కాలిఫోర్నియా అయితే రాత్రి 9:30, లేదా 10:30. జూలైలో కూడా మెయిల్లో ఈఎస్‌టీ (న్యూయార్క్ చలికాలపు టైము) అని అలవాటుకొద్దీ రాసేస్తారు, అసలు నడిచేది ఈడీటీ (వేసవి టైము). అది నమ్మి లెక్కేస్తే గంట ఆలస్యంగా వెళ్తారు. క్యాలెండర్ ఇన్విటేషన్ యాక్సెప్ట్ చేస్తే ఫోనే మన టైము చూపిస్తుంది. ఆ టైమే ఐఎస్‌టీలో రాసి, కరెక్టేనా అని వాళ్లకి ఓ మెయిల్ కొట్టండి.

సాయంత్రం ఆరున్నరంటే మనిళ్లల్లో ఎలా ఉంటుందో తెలుసుగా. అదిగో, అమ్మ కుక్కరు పెట్టేసింది! అక్కడ పోపు పెట్టాలన్నా పొగ అలారం మోగుతుందేమోనని కిటికీలు తీసుకోవాలి. ఇంగువ వాసన ఇల్లంతా ఇలా తిరిగి ఎన్నాళ్లైందో... సరే, విషయానికొద్దాం.

ఇన్వర్టర్ ఉందిగా అని ధీమా వద్దు. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులోనే కొన్ని రౌటర్లు రీస్టార్ట్ అయిపోతాయి, మళ్లీ నెట్ రావడానికి రెండు మూడు నిమిషాలు. ఇన్వర్టర్‌కి యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అందులో పెట్టండి, ఇంకా త్వరగా అందుకుంటుంది. లేదా రౌటరుకి మినీ యూపీఎస్ కొనండి. కొనేముందు రౌటరు అడాప్టరు మీద వోల్టులు, ఆంపియర్లు చూడండి, చాలావాటికి 12 వోల్టులే. ఫైబర్ డబ్బా వేరే ఉంటే దానికీ బ్యాకప్ కావాలి, ఒక్క రౌటరు వెలిగితే నెట్ రాదు.

వైఫై వద్దు, లాన్ కేబుల్ పెట్టండి. అక్కడ 15 డాలర్లు, 85 చొప్పున వేసుకున్నా 1,275 రూపాయలు! ద్వారకానగర్‌లో మూడు నాలుగొందలిస్తే వచ్చేస్తుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ మైక్ ఆన్ కాగానే చాలావాటిలో సౌండ్ నాణ్యత పడిపోతుంది, వైరుదే మేలు. ఫ్యాన్ గాలి మైక్‌లో హోరుమంటుంది. మన ఉక్కపోతలో ఫ్యాన్ ఆపి కూర్చోలేం కాబట్టి, ఏసీ ఉంటే అరగంట ముందే వేసి గది చల్లబరచండి.

మాక్‌లో స్క్రీన్ షేర్ పర్మిషన్ ఇచ్చాక మీటింగ్ యాప్ మూసి మళ్లీ తెరవాలి. ఆ పని ముందు రోజే కానిచ్చేయండి.

మన మాట అక్కడికి చేరి తిరిగి రావడానికి పావు సెకను దాకా పడుతుంది. వాళ్లు ఆపాక ఒక్క క్షణం ఆగి మొదలెట్టండి, లేకపోతే ఇద్దరూ ఒకేసారి అందుకుంటారు. సార్, మేడమ్ అక్కర్లేదు, పేరు పెట్టి పిలిస్తేనే వాళ్లకి బాగుంటుంది. మొదటి రెండు నిమిషాలు వాతావరణం, వీకెండ్ కబుర్లే. బీచ్ రోడ్డు గురించి ఓ ముక్క రెడీగా పెట్టుకోండి.

కాంట్రాక్టరుగా తీసుకుంటే డబ్ల్యూ-8బెన్ ఫారం అడుగుతారు, మీరు అమెరికా వాళ్లు కాదని ట్యాక్సు కోసం రాసిచ్చే కాగితం, కంగారేం లేదు. ఇక్కడుండి చేసిన పనికి ట్యాక్సు ఇక్కడే. ఇన్సూరెన్సూ, జీతంతో సెలవులూ మామూలుగా ఉండవు కాబట్టి గంట రేటు చెప్పేటప్పుడు అవీ కలుపుకోండి. ఇంటర్వ్యూ ఫీజనో, ల్యాప్‌టాప్ డిపాజిటనో డబ్బడిగితే మాత్రం అక్కడితో కాల్ కట్ చేసేయండి.