రాత్రి రెండు గంటల కార్న్‌ఫ్లోర్

శ్రోతలకు నమస్కారం.

మంచూరియాలో, సూపులో వేసే తెల్లటి కార్న్‌ఫ్లోర్ కొందరు పిల్లలకు మందు. వాళ్ల జబ్బు పేరు గ్లైకోజెన్ స్టోరేజ్ డిసీజ్, మొదటి రకం. సుమారు లక్షమందిలో ఒకరికి వస్తుంది. తిన్న తిండిలోని గ్లూకోజును కాలేయం కొంత దాచి, కడుపు ఖాళీ అయినప్పుడు తిరిగి వదలాలి. వీళ్లలో దాచడం జరుగుతుంది, వదలడమే జరగదు. కాలేయం పెరిగి పొట్ట ముందుకొస్తుంది, బుగ్గలు బూరెల్లా ఉంటాయి. చూసినవాళ్లు బిడ్డ పుష్టిగా ఉన్నాడంటారు. పాలు పట్టడంలో ఎడం పెరిగే నెలల్లో ఫిట్స్‌తోనో, ఆయాసంతోనో సంగతి బయటపడుతుంది.

పచ్చి కార్న్‌ఫ్లోర్ నిదానంగా అరుగుతూ కొన్ని గంటలపాటు గ్లూకోజు అందిస్తుంది. 1984లో వెలుగులోకి వచ్చిన పద్ధతి ఇది. మరీ పసివాళ్లకు అది సరిగా అరగదు గనుక ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎంత ఇవ్వాలో డాక్టరే చెప్పాలి. చిన్నపిల్లలకు మామూలుగా కిలో బరువుకు 1.6 గ్రాములు, మూడు నాలుగు గంటలకోసారి. పది కిలోల బిడ్డకు పూటకు 16 గ్రాములు. రోజుకు ఆరుసార్లయితే నెలకు దాదాపు మూడు కిలోలు. ఇంట్లో ఎప్పుడూ ఒక ప్యాకెట్ అదనంగా ఉండాలి.

కొట్లో అడిగేటప్పుడు జాగ్రత్త. మిల్లులో ఆడించిన పసుపుపచ్చ మొక్కజొన్న పిండి ఇది కాదు, కస్టర్డ్ పౌడరూ కాదు. చెంచాతో కొలవకండి. తల కొట్టిన చెంచాకూ, గుట్టగా తీసిన చెంచాకూ చాలా తేడా ఉంటుంది. గ్రాములు చూపే చిన్న కాటా కొనండి. గ్రాముకు రెండు మూడు మిల్లీలీటర్ల చల్లటి నీళ్లు చాలు. వేడి నీళ్లు పోస్తే గంజి అవుతుంది. గంజి ఇట్టే అరిగిపోతుంది, చక్కెర గబుక్కున పెరిగి అంతే గబుక్కున పడిపోతుంది. నిమ్మరసం పిండవద్దు, గ్లూకోజు పొడి కలపవద్దు. ఎప్పటికప్పుడు కలిపి వెంటనే తాగించాలి. పిండి గ్లాసు అడుగున పేరుకుంటుంది. కాసిని నీళ్లు పోసి తిప్పి ఆ అడుగుది కూడా తాగిస్తేనే మోతాదు పూర్తయినట్టు.

రాత్రి పదికి, రెండుకి, ఆరుకి ఇస్తుంటే రెండు ఫోన్లలో అలారం పెట్టండి, ఒకటి మంచానికి దూరంగా. ఒక్క పూట తప్పినా ప్రమాదమే. తల్లి ఒక్కతే లేవాలన్న ఏర్పాటు ఎక్కువకాలం నిలవదు. వంతులు వేసుకోవాలి.

ఇక తీపి. పంచదార, బెల్లం, తేనె, పండ్లు, పాలు బాగా తగ్గించాలి లేదా మానాలి. వాటిలోని ఫ్రక్టోజు, గాలక్టోజు అనే చక్కెరలు ఈ పిల్లల్లో గ్లూకోజుగా బయటికి రావు, లాక్టేటుగా, అంటే లాక్టిక్ ఆమ్లంగా మారి రక్తంలో చేరతాయి. గుడిలో చక్కెర పొంగలి, బడిలో పుట్టినరోజు చాక్లెట్, తియ్యటి దగ్గు సిరప్, అన్నీ లెక్కలోకే వస్తాయి. అమ్మమ్మకూ, టీచరుకూ ముందే చెప్పి ఉంచండి.

తల్లిదండ్రులు మోసపోయేది మరోచోట. గ్లూకోమీటరు 40 చూపిస్తుంటుంది, బిడ్డ మాత్రం ఆడుకుంటూ ఉంటాడు. మిషన్ చెడిపోయిందనుకుంటారు. ఆ సమయంలో మెదడు లాక్టేటును వాడుకుంటూ నెట్టుకొస్తుంటుంది, అంతే. లక్ష్యం 70 పైన. వేలు నీళ్లతో కడిగి, తుడిచి చూడండి. వేలికి తీపి అంటుకుని ఉంటే అంకె ఎక్కువ చూపిస్తుంది.

జన్యుదోషం తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తేనే ఈ జబ్బు. మేనరికాల్లో ఆ అవకాశం ఎక్కువ. ఇద్దరిలోనూ ఆ దోషం ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. కోడలినొక్కదాన్నీ నిందించడానికి ఇందులో ఏమీ లేదు. అరుదైన వ్యాధులకు కేంద్రం గుర్తించిన ఆస్పత్రుల్లో హైదరాబాద్ నిమ్స్ ఉంది.

వాంతులు పట్టుకుంటే ఇంట్లో ఆగవద్దు. తాగిన పిండి నిలవకపోతే గ్లూకోజు అందదు, వెంటనే ఆస్పత్రికి బయలుదేరాలి. డాక్టరు సంతకంతో ఒక చీటీ ఎప్పుడూ సంచిలో ఉండాలి. అందులో మూడు ముక్కలు: ఆలస్యం చేయకుండా పది శాతం డెక్స్‌ట్రోజ్ ఉన్న సెలైన్ ఎక్కించాలి, లాక్టేటు ఉండే రింగర్ లాక్టేట్ సెలైన్ వద్దు, కాలేయం నుంచి గ్లూకోజును వదిలించే గ్లూకగాన్ ఇంజెక్షన్ ఈ బిడ్డకు పనిచేయదు. పెద్ద అక్షరాలతో రాయించి, ప్లాస్టిక్ కవరులో పెట్టండి.