గుణుపురంలో అమ్మకానికి పాత ఎఫ్‌సీ ట్రక్కు: రంగు కాదు, ముందు ఇరుసు చూడండి

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. ఒడిశాలో వంశధార ఒడ్డునున్న మన గుణుపురం నుంచి మాట్లాడుతున్నాను. నా ఎదురుగా 1968 నాటి మహీంద్రా ఎఫ్‌సీ 150 ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కు ఉంది. ఎఫ్‌సీ అంటే ఫార్వర్డ్ కంట్రోల్, డ్రైవరు బాగా ముందుకు కూర్చునే నమూనా. దీన్ని పూర్తిగా విప్పి బాగుచేసిన బాబాయి ఇప్పుడు అమ్మకానికి పెట్టారు. బాబాయ్, జీపు అంటున్నారు, మరి దీనికి బానెట్ ఏది?

బాబాయి: ఇంజను క్యాబిన్‌లోనే ఉంది బాబూ, రెండు సీట్ల మధ్య. ఈ నమూనా 1956 చివర్లో అమెరికాలో జీపులు చేసే విల్లీస్ కంపెనీ వాళ్లు తెచ్చారు. కింద ఉన్నది సీజే-5 జీపు ఛాసిస్సే. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య 81 అంగుళాలు, అంతే. డ్రైవరును ముందుకు జరిపేసరికి ఇంత పొట్టి బండికి కూడా దాదాపు ఆరడుగుల సరుకు తొట్టి దొరికింది. పుట్టాసింగి వైపు సవర ఊళ్ల దారుల్లో మలుపు ఎలా ఉంటుందో నీకు తెలుసు కదా. అక్కడ చింతపండో జీడిపిక్కలో నింపుకుని తిరగాలంటే ఈ కొలతే సరైనది.

వ్యాఖ్యాత: ఇబ్బందులు కూడా చెప్పండి. కొనేవారు వింటున్నారు.

బాబాయి: చెప్పాల్సిందే. బరువంతా ముందే ఉంటుంది. తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు దిగుడులో బ్రేకు గట్టిగా తొక్కితే వెనక భాగం తేలిపోతుంది. ఎండాకాలం ఇంజను సెగ కాళ్లకు తగులుతుంది. వేగం ఆశించకూడదు.

వ్యాఖ్యాత: మరమ్మతులో ఎక్కువ శ్రమ దేనికి పట్టింది?

బాబాయి: ఇలా వంగి చూడు. ముందు చక్రం లోపలి వైపు గుండ్రటి ఇనుప గోళం కనిపిస్తోందా? స్టీరింగ్ తిప్పితే చక్రం దీని చుట్టూ తిరుగుతుంది. లోపల గ్రీజు, అంచు చుట్టూ సీలు. బురదలో తిరిగి ఎక్కువకాలం ఊరికే నిలబెట్టిన బండికి ఈ గోళం తుప్పు పట్టి గుంటలు పడుతుంది. ఆ గుంటలు సీలును కోసేస్తాయి. గ్రీజు బయటికి, నీళ్లు లోపలికి. ఆ తరువాత బేరింగులు పోతాయి. కొత్త సీలు వేసి చేతులు దులుపుకుంటే ఒక్క వానాకాలం కూడా ఆగదు. అందుకే గోళాలు రెండూ మార్చాను. రంగుకు పెట్టిన ఖర్చు దీని ముందు లెక్కలోకి రాదు. అయినా వచ్చినవాళ్లందరూ రంగునే మెచ్చుకుంటారు, నాకు బాధ అదే.

వ్యాఖ్యాత: గేరు పక్కన ఉన్న ఆ రెండు చిన్న లివర్లు?

బాబాయి: ఒకటి ఇంజను బలాన్ని ముందు చక్రాలకు కూడా కలుపుతుంది. రెండోది లో గేరు. అది వేస్తే వేగం తగ్గి, బలం సుమారు రెండున్నర రెట్లు పెరుగుతుంది. బురదలో, ఇసుకలో, వదులు రాళ్ల మీద వేయాలి. పొడి తారు రోడ్డు మీద ముందు చక్రాలు కలిపి నడపకూడదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, వెనకవి తక్కువ. ఆ తేడాను సర్దే డిఫరెన్షియల్ మధ్యలో లేదు. చక్రం జారే వీలు లేక గేర్లు బిగుసుకుపోతాయి, లివర్ వెనక్కి రాదు. గట్టి నేల మీద చక్కర్లు కొట్టించి ఫోర్ వీల్ పనిచేస్తోందని చూపించేవారి దగ్గర బండి కొనవద్దు.

వ్యాఖ్యాత: ఇంజను?

బాబాయి: 134 ఘనపు అంగుళాల పాత పెట్రోలు ఇంజనే, అంటే 2.2 లీటర్లు. ఇలాంటి బండ్లకు చాలామంది డీజిల్ ఇంజను ఎక్కించారు. అది తప్పని అనను, బతుకుతెరువు కోసం చేశారు. కానీ ఆ మార్పు ఆర్‌సీలో ఎక్కిందా లేదా చూసుకోవాలి. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు చేత్తో తుడిచి స్వయంగా చదవాలి. గుడ్డలో చుట్టిన అయస్కాంతం డోరు అడుగున పెట్టి చూడాలి. అంటుకోకపోతే అక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది.

వ్యాఖ్యాత: పాతకాలపు బండ్లకు ఇచ్చే వింటేజ్ నంబరు దీనికి వస్తుందా?

బాబాయి: 2021లో కేంద్రం నియమాలు తెచ్చింది. బండికి 50 ఏళ్లు దాటాలి, అసలు రూపం చెడకూడదు. కొత్త నమోదుకు రూ.20,000, పదేళ్లు చెల్లుతుంది. అయితే ఆ నంబరుతో రోజూ రోడ్డు మీద తిప్పడం, సరుకు వేయడం కుదరదు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతు లాంటి కొన్ని పనులకు మాత్రమే. పైగా అవి సొంతానికి వాడుకునే వాహనాల కోసం చేసిన నియమాలు. సరుకు బండిగా నమోదైన ట్రక్కుకు వర్తిస్తుందో లేదో ఆర్టీవో కార్యాలయంలో ముందే అడగాలి. నేను ఆ నంబరు ఆశ చూపించి ధర పెంచను.

వ్యాఖ్యాత: ఎవరికి అమ్మాలని ఉంది?

బాబాయి: నడిపేవారికి. పెళ్లి మండపం ముందు అలంకారంగా నిలబెడతామని ఒకరు మంచి ధరే ఇస్తామన్నారు, వద్దన్నాను. నిలబెడితే ఆ సీళ్లు మళ్లీ ఎండిపోతాయి. జీడితోట ఉన్న రైతు అడిగితే కొంత తగ్గించి అయినా ఇస్తాను.

వ్యాఖ్యాత: చూడటానికి ఎప్పుడు రావచ్చు?

బాబాయి: వాన పడిన మర్నాడు రమ్మను. ఏటి పక్క బురదలో వాళ్లనే నడపమంటాను. తమకు నమ్మకమున్న మెకానిక్‌ను వెంట తెచ్చుకోమను, కిందికి దూరి చూడటానికి చాప నేనే వేస్తాను.