163 వర్కవుట్ వీడియోలు ఉంచాలా, తీసేయాలా? నా అల్మారా మీద నా రివ్యూ

అందరికీ నమస్కారం అండీ. ఇవాళ కొత్త వీడియో ఏదీ రివ్యూ చెయ్యడం లేదు. నా వెనకాల ఈ అల్మారా కనిపిస్తోంది కదా, ఇవాళ రివ్యూ దీనికే. పై అరలో క్యాసెట్లు 22. కింద మూడు అరల్లో డీవీడీలు 97. ఇదిగో ఈ చిన్న హార్డ్ డిస్క్‌లో డౌన్‌లోడ్ చేసుకున్నవి 44. మొత్తం 163. అన్నీ ఇంట్లో చేసుకునే వర్కవుట్ వీడియోలే. ఫోన్‌లో సేవ్ చేసి పెట్టుకున్నవి ఇందులో లెక్క వెయ్యలేదు.

ఈ పనికి ఎందుకు పూనుకున్నానో ముందు చెప్తాను. ఒకరోజు పొద్దున ఆరింటికి లేచి మ్యాట్ పరిచా. ఏది చేద్దామా అని అల్మారా ముందు నిలబడ్డా. ఒకటి తీశా, నలభై ఐదు నిమిషాలుంది, అంతసేపు వద్దనిపించింది. ఇంకోటి తీశా, దానికి ఎక్కి దిగే స్టెప్ బల్ల కావాలి, అదేమో మంచం కింద ఉంది. మూడోది పెట్టా, వార్మప్ నచ్చలేదు, తీసేశా. గడియారం చూస్తే ఆరు ఇరవై ఐదు. మా అమ్మాయి లేచి వచ్చి, "అమ్మా, అయిపోయిందా?" అంది. "ఇంకా మొదలే పెట్టలేదే" అన్నా. అది మామూలుగానే అడిగి వెళ్లిపోయింది. నాకు మాత్రం ఆ ప్రశ్న రోజంతా వదల్లేదు. వ్యాయామానికని లేచిన టైమంతా ఏది చెయ్యాలో వెతకడానికే పోయింది. అదీ ఆ ఒక్కరోజు సంగతి కాదు.

నాకో అలవాటుంది. వీడియో చేసిన ప్రతిసారీ డబ్బా లోపలి కాగితం మీద పెన్సిల్‌తో ఒక చిన్న గీత పెడతా. హార్డ్ డిస్క్‌లో ఉన్నవాటికి ఒక నోట్‌బుక్ ఉంది. ఏళ్ల తరబడి పెడుతూ వచ్చా కానీ, ఎప్పుడూ కూర్చుని లెక్కపెట్టలేదు. ఈసారి లెక్కపెట్టా.

కెమెరా దగ్గరికి తెస్తున్నా, చూడండి. ఈ డబ్బా మూత విరిగిపోయింది, రబ్బరు బ్యాండ్ వేసి ఉంచా. లోపల కాగితం మీద అయిదేసి గీతల గుత్తులు పన్నెండు, పక్కన ఇంకొకటి. 61 సార్లు చేశా దీన్ని. ఇరవై నిమిషాల డంబెల్ వీడియో, అంతే. ఇప్పుడు ఇది చూడండి. పైన ప్లాస్టిక్ కవర్ కూడా చింపలేదు. కొని ఎన్నేళ్లయిందో నాకే గుర్తులేదు.

మొత్తం లెక్క ఇదండీ. కనీసం ఒక్క గీత ఉన్నవి 38. పదికి పైగా గీతలున్నవి 9. ఒక్క గీత కూడా లేనివి 125. ఉంచాలా తీసేయాలా అని నెలల తరబడి తర్జనభర్జన పడ్డా కానీ, జవాబు ఇన్నాళ్లూ ఆ పెన్సిల్ గీతల్లోనే ఉంది.

ఇంకో చిన్న లెక్క కూడా వేసి చూశా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థాయి వ్యాయామం కావాలి. కనీసం 150 అనుకున్నా, రోజుకి అరగంట చొప్పున అయిదు రోజులు. అంటే వారానికి అయిదు వీడియోలు. ఆ లెక్కన నా 163 వీడియోలూ ఒక్కొక్కసారి చేసేసరికి 33వ వారం వస్తుంది. ఒక్కసారి చేస్తే ఏం లాభం చెప్పండి? అదే కదలికని వారం వారం చేస్తూ, ఎత్తే బరువు కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతేనే కండరం బలపడుతుంది. స్టెప్పులున్న వీడియో అయితే మొదటి రెండు మూడు సార్లు కాళ్లు తడబడటమే సరిపోతుంది, చెమట పట్టేది ఆ తర్వాతే. అలాగని ఒకే వీడియో ఉంటే చాలని నేను అనను. ఒకటే చేస్తే నాకు విసుగొస్తుంది, విసుగొస్తే మానేస్తా. ఆ 9 వీడియోల్ని మార్చి మార్చి చేసిన నెలల్లోనే నేను అసలు మానలేదు.

సరే, ఇక అరల వారీగా చూద్దాం.

ముందు క్యాసెట్లు. ఇంట్లో వీడియో పెట్టుకుని వ్యాయామం చెయ్యడం జనానికి అలవాటైందే వీటితో. 1982లో హాలీవుడ్ నటి జేన్ ఫోండా వర్కవుట్ వీడియో వచ్చింది. అప్పటికి ఆవిడకి 44 ఏళ్లు. జిమ్‌కి వెళ్లలేని, వెళ్లడానికి మొహమాటపడే ఎంతోమంది ఆడవాళ్లు ఆ క్యాసెట్ పెట్టుకుని హాల్లో చెయ్యడం మొదలెట్టారు. ఆ తరం వీడియోలంటే నాకు చాలా గౌరవం. కానీ గౌరవం ఉందని ఉంచుకోవడం వేరు, వాడుకోవడం వేరు. ఆ రోజుల్లో ఊగుతూ స్ట్రెచ్‌లు చేసేవారు. ఇప్పుడు మామూలుగా నేర్పేది, కండరం సాగినచోట 10 నుంచి 30 సెకన్లు కదలకుండా ఆగమని. పైగా ప్లేయర్ సంగతి. వీసీఆర్, అంటే ఈ క్యాసెట్ ప్లేయర్, తయారుచేసిన చివరి కంపెనీ, జపాన్‌కి చెందిన ఫునాయ్, 2016లో ఉత్పత్తి ఆపేసింది. నా పాత ప్లేయర్ పాడైతే మళ్లీ కొత్తది దొరకదు.

ఇది ముఖ్యం, దగ్గరికి తెస్తున్నా. క్యాసెట్ మీద ఈ చిన్న అద్దంలోంచి టేపు చుట్ట అంచు కనిపిస్తుంది కదా. నల్లగా, నున్నగా ఉండాల్సిన చోట తెల్లటి పొడిలా ఉంది, చూశారా? అది బూజు. దీన్ని ప్లేయర్‌లో పెడితే టేపుని చదివే హెడ్ పాడవుతుంది, ఆ తర్వాత పెట్టే మంచి క్యాసెట్‌కీ అంటుకుంటుంది. నావి ఎనిమిదింటికి పట్టింది. మీ దగ్గర పాత క్యాసెట్లుంటే ప్లేయర్‌లో పెట్టకముందు ఈ అద్దంలోంచి ఒకసారి చూడండి. 22లో 21 తీసేస్తున్నా. ఒక్కటి ఉంచుతున్నా. అది మా అక్క ఇచ్చింది. నేను మొదటిసారి వ్యాయామం చేసింది దాంతోనే, అక్క పక్కన నిలబడి నా మోచేతులు సరిచేస్తుంటే. దాన్ని పెట్టి చూడను. అయినా ఉంచుతాను.

డీవీడీల్లో బాక్స్ సెట్ల దగ్గరే నాకు రోజులు పట్టింది. బాక్స్ సెట్ అంటే ఏ రోజు ఏది చెయ్యాలో చెప్పే క్యాలెండర్‌తో పాటు ఒకే పెట్టెలో వచ్చే డిస్కులు. పీ90ఎక్స్ అనే సెట్ అయితే 12 వర్కవుట్లు, 90 రోజుల క్యాలెండర్. ఇన్‌శానిటీ అనే సెట్ అయితే 60 రోజులు. ఇలాంటి సెట్‌లో ఒకటో రెండో తీసి మిగతావి ఇచ్చేస్తే సెట్ విడిపోతుందని మనసొప్పదు. నేను మాత్రం విడగొట్టమనే అంటాను. క్యాలెండర్ పూర్తి చెయ్యకపోయినా, అందులో మీ ఒంటికి పడే స్ట్రెచింగ్ డిస్క్ ఒక్కటి ఉంటే దానికి అరలో చోటు దక్కాలి.

నా దగ్గర ఒక సెట్ ఉంది, పేరు చెప్పను. గెంతులే గెంతులు. దాని క్యాలెండర్ మీద 19 గీతలున్నాయి, ఆ తర్వాత ఖాళీ. ఇరవయ్యో రోజు మెట్లు దిగుతుంటే కుడి మోకాలు పట్టేసింది. ఫిజియోథెరపిస్ట్ చూసి, కొన్నాళ్లు గెంతడం ఆపమన్నారు, ముందు తొడ కండరాలు గట్టిపడాలన్నారు. అప్పట్నుంచి ఆ సెట్ నా కళ్లకి ఎదురుగా ఉండే అరలోనే ఉంది. మళ్లీ ఎప్పటికైనా మొదలెడతాను, ఈసారి చివరిదాకా చేస్తాను అనుకుంటూ ఉంచా. పొద్దున్నే అల్మారా తెరిస్తే ముందు కనపడేది అదే, చేతికి తీసేది మాత్రం వేరొకటి. ఆ రెండింటి మధ్య నాకు ప్రతిరోజూ కొంచెం దిగులుగా ఉండేది. దాన్ని తీసి అట్టపెట్టెలో పెట్టిన రోజు నిజంగా ఊపిరి తేలికైందండీ. మోకాళ్లు బావున్నవాళ్లకి అది మంచి ప్రోగ్రామే. వాళ్ల దగ్గరికి వెళ్లనివ్వండి.

హార్డ్ డిస్క్ గురించి ఎక్కువ చెప్పను. 44లో 13 ఫైళ్ల పేర్లలో టబాటా అని ఉంది. టబాటా అనేది ఇజూమి టబాటా అనే జపాన్ పరిశోధకుడి పేరు. ఆయన బృందం 1996లో ప్రచురించిన అధ్యయనంలో 20 సెకన్లు పూర్తి శక్తితో, 10 సెకన్లు విశ్రాంతి, అలా ఏడెనిమిది సార్లు. అంటే దాదాపు నాలుగు నిమిషాలు. అదీ వ్యాయామ సైకిల్ మీద. నా దగ్గరున్న 13లో ఒక్కోటి అరగంట, పేరు ఒకటే, గెంతులు ఒకటే, మనుషులే వేరు. నాలుగు ఫైళ్లు ఉంచి 40 డిలీట్ చేశా. చోటు ఆక్రమించవు కదా, ఉంటే ఏం అంటారేమో. వెతికే టైమ్ తింటాయండీ, అందుకు.

రకాల వారీగా పేర్చినప్పుడు బయటపడిన సంగతి ఇంకొకటుంది. ఇందాక చెప్పిన ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లో కండరాల బలం కోసం వారానికి కనీసం రెండు రోజులు వ్యాయామం చెయ్యాలని కూడా ఉంది. నా 163లో డంబెల్స్‌తో చేసేవి 19. మిగతావన్నీ దాదాపు కార్డియోనే, అంటే గుండె వేగం పెంచే గెంతులూ స్టెప్పులూ. ఇన్ని వీడియోలు పోగేసి కూడా నా మోకాలికి అసలు కావాల్సినవి తక్కువే కొన్నానన్నమాట. అందుకే తీసేసే ముందు ఒకసారి అన్నిటినీ నేల మీద పరిచి రకాల వారీగా పేర్చండి. మీకేది ఎక్కువైందో, ఏది కొరవగా ఉందో కళ్లకి కడుతుంది.

గీతల్లేని 125 సంగతేమిటి? అన్నీ చూడకుండా పంపించెయ్యడం న్యాయం కాదనిపించింది. వాటిలో నాకు పనికొచ్చే రకాల్లోంచి 21 తీసి, మూడు వారాల పాటు రోజుకొకటి, మొదటి పది నిమిషాలు చేశా. సోఫాలో కూర్చుని చూడటం కాదు, నిలబడి చెయ్యడం. కూర్చుని చూస్తే ప్రతిదీ బావుంటుంది. చేస్తున్నప్పుడే తేడా తెలుస్తుంది. ఉదాహరణకి, ప్లాంక్‌లో, అంటే మోచేతులూ కాలివేళ్ల మీద ఒంటిని నిటారుగా నిలిపి ఉన్నప్పుడు తల ఎత్తి స్క్రీన్ చూస్తే మెడ పట్టేస్తుంది. కాబట్టి మంచి టీచర్ అయితే మనం చూడకపోయినా మాట విని చెయ్యగలిగేలా చెబుతారు. "మోచేతులు భుజాల కింద, నడుము జారనివ్వద్దు, ఇంకో మూడు ఊపిరులు" అని. కొందరు ఆ సమయంలో "శభాష్, శభాష్" అంటూ ఉంటారు తప్ప ఒక్క సూచనా ఉండదు. ఇంకోటి, కదలిక మారబోయే ముందు చెబుతారా, మారాక చెబుతారా? మారాక చెబితే మనం ఎప్పుడూ ఒక అడుగు వెనకే. మోకాలు నొప్పి ఉన్నవాళ్ల కోసం పక్కన ఒకరు తేలిక పద్ధతి చూపిస్తున్నారా? ఇవన్నీ చూస్తే 21లో నాకు ఆరు మిగిలాయి. అందులో ఒకటి, ఇందాక చూపించా కదా, కవర్ చింపనిది. దాన్ని చూడకుండా ఇచ్చేసి ఉంటే పొరపాటు చేసేదాన్ని.

అలాగే ఇప్పుడు మీకు తేలికనిపించేవన్నీ పంపెయ్యకండి. నిలబడ్డచోటే నడిచే వీడియో ఒకటి, ఒకే ఒక్క గీత ఉందని పెట్టెలో వేశా. ఆ వారం మా అమ్మ వచ్చింది. టీవీలో అది వేసి చూపిస్తే, కుర్చీ వీపు పట్టుకుని మొత్తం చేసింది. "ఇందులో కింద కూర్చుని లేవక్కర్లేదు కదే, ఇది నాకు బావుంది" అంది. 65 ఏళ్లు దాటినవాళ్లకి వారానికి మూడు రోజులైనా పడిపోకుండా నిలదొక్కుకునే వ్యాయామాలు ఉండాలంటారు. అలాంటివి అయిదు ఉంచా. అమ్మ కోసం, జ్వరం వచ్చి తగ్గాక నా కోసం, ముందు ముందు నాకు పడబోయే వయసు కోసం.

డిస్కులు ఇంకా ఎందుకు, అన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయిగా అనేవాళ్లకి ఒక మాట. ఆన్‌లైన్‌లో ఉన్నది ఎప్పుడైనా తీసేస్తారు, పెట్టినవాళ్ల ఇష్టం. నేను రోజూ చేసే ఒక స్ట్రెచింగ్ వీడియో అలాగే మాయమైంది, ఇప్పటికీ దొరకలేదు. డిస్క్ చేతిలో ఉంటే ఆ భయం ఉండదు. కాబట్టి పదికి పైగా గీతలున్న డిస్క్, మళ్లీ మార్కెట్‌లో రానిది అయితే, అస్సలు వదలకండి.

ఇచ్చేటప్పుడు కూడా శ్రద్ధ పెట్టండి. ప్రతి డిస్కూ వెలుతురులో తిప్పి గీరుకుపోయిందేమో చూసుకుని, ఒకసారి ప్లే చేసి, డబ్బాలో సరైన డిస్కే ఉందో లేదో చూసి ఇవ్వండి. నా దగ్గర మూడు డబ్బాల్లో వేరే డిస్కులున్నాయి. ఇచ్చేసినదాని కాపీ మన దగ్గర ఉంచుకోవడం సరైంది కాదు, అదీ గుర్తుంచుకోండి.

ఇక నా లెక్క. ఉంచుతున్నవి 21. వాటిలో డిస్కులు 16, ఫైళ్లు నాలుగు, అక్క క్యాసెట్ ఒకటి. ఏదీ తేల్చుకోలేక ఈ అట్టపెట్టెలో పెట్టినవి 14 డిస్కులు. పైన ఇవాళ్టి తారీఖు రాశా, మూడు నెలలు చూస్తా, ఈలోపు వెతుక్కుని తీసినవి మళ్లీ అరలోకి వస్తాయి. వెళ్లిపోతున్నవి 128.

ఈ పై అర ఇప్పుడు ఖాళీ. డంబెల్స్ నేల మీంచి తీసి ఇక్కడ పెట్టా, పక్కనే ఆ రబ్బరు బ్యాండ్ డబ్బా. పొద్దున్నించీ సర్దుతూనే ఉన్నా, ఇవాళ్టి ఇరవై నిమిషాలు ఇంకా బాకీ. కెమెరా ఆపేసి దీనికి 62వ గీత పెట్టాలి. ఉంటానండీ.