పొయ్యి బయట, ఈనె లోపల

అందరికీ నమస్కారం. ప్రకాశం జిల్లా కొండపి, టంగుటూరు వైపు నుంచి వచ్చినవాళ్లకు పొగాకు బ్యారన్, అంటే పచ్చి ఆకును వేడితో ఆరబెట్టే గది గురించి నేను చెప్పక్కర్లేదు. పొయ్యి నోరు బయట ఉంటుంది, కట్టెలు అక్కడే వేస్తారు, లోపల నేలమీది రేకు గొట్టాల గుండా వేడి పోతుంది, పైన కర్రలకు కట్టిన ఆకు ముందు 35 డిగ్రీల ప్రాంతంలో పసుపు తిరగాలి, తర్వాత ఆ రంగు నిలవాలి, చివరికి 70 దాకా పోయి ఈనె ఆరాలి. మన చేతిలో ఉన్నవి రెండే, మంట, వెంటిలేటర్లు. ఆకు మీద నేరుగా చెయ్యి వెయ్యలేం.

ఇవాళ్టి లెక్క ఇదే. వేడి లోపల ఎలా ఉండాలో కోరుకుంటాం, మీట మాత్రం అంచు దగ్గరుంది. వేడి పాకే తీరుకు సమీకరణం ఫ్రెంచ్ గణితజ్ఞుడు ఫూరియే 1822 పుస్తకంలోనే ఉంది. ఇలాంటి సమీకరణాలను అంచు నుంచి అతి తక్కువ నష్టంతో ఎలా నడపాలన్నదాన్ని ఆప్టిమల్ కంట్రోల్ అనే శాస్త్రంగా నిలబెట్టింది మరో ఫ్రెంచ్ గణితజ్ఞుడు జాక్ లూయీ లియోన్స్, 1968లో వచ్చిన పుస్తకంతో.

బ్యారన్‌లో గాలి, తేమ కూడా ఉంటాయి, లెక్క కష్టం. అందుకే చీమకుర్తి గ్రానైట్ పలక తీసుకుందాం, మందం 20 మిల్లీమీటర్లు. గ్రానైట్‌లో వేడి వ్యాపించే రేటు సెకనుకు సుమారు 1 చదరపు మిల్లీమీటరు, పట్టే సమయం మందం వర్గాన్ని బట్టి ఉంటుంది, కాబట్టి ఒక ముఖం మీది వేడి అవతలికి గట్టిగా తెలియడానికి 400 సెకన్ల దాకా పడుతుంది. మందం రెట్టింపు చేస్తే 1600. టెన్షన్ అంతా ఈ ఆలస్యంతోనే. లోపల చాల్లేదని మంట పెంచితే, అది చేరేసరికి అక్కడ వేడి ఎక్కువైపోయి ఉండొచ్చు.

మరి ఏ నిమిషాన ఎంత మంట? ముందు ఏదో ఒక మంట అనుకుని గడువు దాకా లెక్క నడపండి. చివర్లో ఏ చోట కావాల్సినదానికన్నా ఎంత ఎక్కువుందో, ఎంత తక్కువుందో చూసి, ఆ తేడానే తీసుకుని, కాలంలో వెనక్కి, వేడి సమీకరణం లాంటిదాంట్లోనే పాకించండి. దీన్ని అడ్జాయింట్ అంటారు. వెనక్కి వస్తూ అది అంచు దగ్గర ఏ నిమిషాన ధన విలువ చూపిస్తే అప్పుడు మంట తగ్గించాలి, రుణ విలువైతే పెంచాలి, కట్టెల ఖర్చును కూడా కలుపుకుని. మళ్లీ మొదట్నుంచి. ప్రతి నిమిషానికీ వేరే ప్రయోగం అక్కర్లేదు, ముందుకు ఒక లెక్క, వెనక్కి ఒక లెక్క చాలు, నిమిషాలన్నిటికీ జవాబు ఒకేసారి వచ్చేస్తుంది! ఈ సబ్జెక్టులో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఇదే.

కట్టెల ఖర్చు వదిలేసి, మంటకు ఒక గరిష్ఠ హద్దు మాత్రమే పెడితే, గురిని అచ్చంగా అందుకోలేని చోట జవాబు విచిత్రంగా ఉంటుంది: పూర్తి మంట, లేకపోతే మంటే లేదు. మధ్యరకం ఉండదు.

అంచు నుంచి ఏదైనా సాధ్యమేనా? కాదు. వేడి ప్రతి పదునునూ అరగదీస్తుంది, అందుకే లోపల ఒక గీతకు ఇటు వేడి, అటు చల్లదనం అచ్చంగా తేలేం, దగ్గరదాకా మాత్రమే రాగలం. అదే, పలక బదులు ఒక సన్నని కడ్డీ తీసుకుంటే, దాన్ని మొత్తంగా ఒకే ఉష్ణోగ్రతకు తేవడం, వేడీ చల్లదనమూ రెండూ ఇవ్వగలిగితే, ఎంత చిన్న గడువులోనైనా కుదురుతుంది. కడ్డీకి దీన్ని గణితజ్ఞులు ఫత్తోరీని, రస్సెల్ 1971లో చూపించారు, పెద్ద ఆకారాలకు లెబో, రొబియానో 1995లో. గడువు తగ్గేకొద్దీ కావాల్సిన మంట మాత్రం ఘాతీయంగా పెరిగిపోతుంది.

ఇది చదివి వదిలేయొద్దు. ఒక కడ్డీని ముక్కలు చేసుకుని పైథాన్‌లో రెండు లూపులు రాయండి, ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి. గడువు సగానికి తగ్గించి మంట గ్రాఫ్ ఏమవుతుందో చూసి, వచ్చే వారం తీసుకురండి.