సంతోషించమన్నదీ ఆజ్ఞే
(అనంతపురంలో యౌవనస్థుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

ప్రభువునందు ప్రియమైన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, సంఘ పెద్దలకు, కాపరులకు వందనాలు.

యౌవనస్థుల కూడిక అనగానే ప్రసంగి గ్రంథం పన్నెండో అధ్యాయం మొదటి వచనం చదవడం మనకు ఆనవాయితీ. దుర్దినాలు రాకముందే, బాల్యదినాల్లోనే సృష్టికర్తను స్మరించుకోమనే వచనం అది. ఈ రోజు మాత్రం అక్కడికి రెండు వచనాల ముందు ఆగండి. పదకొండో అధ్యాయం తొమ్మిదో వచనం: “యౌవనుడా, నీ యౌవనమందు సంతోషపడుము.” సృష్టికర్తను స్మరించమనే ముందే సంతోషించమన్నాడు. అదే వచనం చివర దేవుని తీర్పు కూడా ఉంది. పెద్దలం తీర్పును పట్టుకుని సంతోషాన్ని వదిలేశాం. పిల్లలు సంతోషాన్ని పట్టుకుని తీర్పును వదిలేశారు. వాక్యం రెండింటినీ ఒకే ఊపిరిలో చెప్పింది.

మన ఇళ్లలో భక్తి అంటే చాలాసార్లు వద్దుల జాబితా. అక్కడికి వెళ్లవద్దు, అది చూడవద్దు, వాళ్లతో తిరగవద్దు. ఆ మాటల్లో కొన్ని అవసరమే. కానీ అవి మాత్రమే విని పెరిగిన పిల్లవాడికి దేవుడు తప్పులు లెక్కపెట్టేవాడిగానే కనిపిస్తాడు. ఇల్లు దాటగానే అతడు మందిరాన్నీ దాటిపోతాడు. ఆ పిల్లవాడిని నిందించడానికి నాకు నోరు రాదు.

మరి సంతోషం అంటే ఏమిటి? అనంతపురంలో నిలబడి ఈ ప్రశ్న అడిగితే నాకు మొదట హబక్కూకు ప్రవక్త గుర్తుకొస్తాడు. మన జిల్లాలో ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. అది కూడా పడవలసినప్పుడు పడదు. వేరుశనగ విత్తేటప్పుడు పదును బాగుంటుంది, పూత బాగుంటుంది, సరిగ్గా ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తుంది. చెట్టు పచ్చగానే ఉంటుంది, పీకి చూస్తే కాయ ఉండదు. ఆ చేను గట్టు మీద తండ్రి కూర్చున్న తీరు మీలో చాలామంది చూసి ఉంటారు. హబక్కూకు మాట్లాడింది సరిగ్గా అలాంటి చేను గురించే. అంజూరపు చెట్లు పూయకపోయినా, చేనిలో పైరు పంటకు రాకపోయినా, దొడ్డిలో గొర్రెలు లేకపోయినా, “నేను యెహోవాయందు ఆనందించెదను” అన్నాడు. 1876-78 నాటి ధాత కరువును తట్టుకుని నిలిచిన పేద కుటుంబాల వారసులు మన సంఘాల్లో ఎందరో ఉన్నారు. ఆ ముత్తవ్వలకు చదువు రాకపోయినా ఈ వచనం అర్థమై ఉంటుందని నా నమ్మకం.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. హబక్కూకు గ్రంథం ఆనందంతో మొదలుకాదు, ఫిర్యాదుతో మొదలవుతుంది. ఎన్నాళ్లు మొరపెట్టినా నీవు వినవేమని ప్రవక్త దేవుణ్ణే నిలదీశాడు. దేవుడు అందుకు కోప్పడలేదు, జవాబిచ్చాడు. కాబట్టి పరీక్షలో తప్పి ఏడుస్తున్న చెల్లెలితో “నీకు విశ్వాసం తక్కువ” అనకండి. ఆమె పక్కన కూర్చోండి. ఏడవడం తెలియని ఆనందాన్ని బైబిలు ఎక్కడా నేర్పలేదు.

ఇక నమ్మకత్వం మాట. అన్నలు ఐగుప్తుకు అమ్మేసిన యోసేపు కథ మొదలయ్యేటప్పటికి అతడికి పదిహేడేళ్లు. ఐగుప్తు రాజు ఫరో ఎదుట నిలిచేటప్పటికి ముప్పై. మధ్యలో పదమూడేళ్లు. సండే స్కూల్లో మనం రంగుల అంగీ చెబుతాం, తర్వాత సింహాసనం పక్క రథం చెబుతాం, ఈ పదమూడేళ్లను ఒక్క వాక్యంలో దాటేస్తాం. నిజానికి మీ వయసు ఆ పదమూడేళ్లదే. పరాయి దేశం, పరాయి భాష. తండ్రి చూడడు, సంఘం లేదు, చేతిలో లేఖనం లేదు. యజమాని పోతీఫరు ఇంట్లో, ఆ యజమాని భార్యే పాపానికి పిలిస్తే “నేనెట్లు ఇంత ఘోరమైన దుష్కార్యము చేసి దేవునికి విరోధముగా పాపము కట్టుకొందును” అన్నాడు. అందుకు బహుమానంగా దొరికింది చెరసాల. చెరసాలలో కూడా తోటి ఖైదీల ముఖాలు చిన్నబోయి ఉంటే ఎందుకని అడిగాడు చూడండి, నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కదిలించేది అదే. తన బాధలో మునిగిపోయినవాడికి పక్కవాడి ముఖం కనబడదు.

ఇవాళ బెంగళూరులోనో హైదరాబాదులోనో హాస్టలు గదిలో ఉన్న తమ్ముడికి ఫోనే ఆ పోతీఫరు ఇల్లు. బెట్టింగ్ యాప్ పది రూపాయలతోనే మొదలవుతుంది. పోయినదాన్ని రాబట్టుకోవాలని అప్పు యాప్ తెరుస్తాడు. ఆ తర్వాత అబద్ధాలు మొదలవుతాయి, ముందు ఇంట్లో అమ్మతో. ఎవరైనా ఇప్పటికే అందులో ఇరుక్కుని ఉంటే ఈ రాత్రే నమ్మకమైన ఒక పెద్ద మనిషికి చెప్పండి. సిగ్గు కన్నా ప్రాణం విలువైనది. పెద్దలారా, అతడు వచ్చి చెప్పినప్పుడు ముందు వినండి, కోపం తర్వాత.

నా మనసును ఎక్కువగా కలచివేసే విషయం ఇంకొకటి ఉంది, కట్నం. యౌవనమంతా గాయక బృందంలో పాడిన అబ్బాయి, ఉపవాస ప్రార్థనల్లో కన్నీళ్లు కార్చిన అబ్బాయి, ఉద్యోగం రాగానే తన వెల నిర్ణయమవుతుంటే మౌనంగా కూర్చుంటాడు. దేశం 1961లోనే వరకట్నాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. మనం దానికి కానుకలని పేరు పెట్టుకుని, మందిరంలో కాపరి చేత ఆశీర్వదింపజేస్తున్నాం. అమ్మాయి తండ్రి చేను అమ్మిన డబ్బుతో మొదలైన కాపురంలో ప్రభువునందలి ఆనందం ఎక్కడి నుంచి వస్తుంది? “నాన్న మాట కాదనలేను” అంటారు. తల్లిదండ్రులను సన్మానించమన్న రాతి పలకల మీదే పొరుగువానిదేదీ ఆశించవద్దని కూడా రాసి ఉంది. నాన్నతో గౌరవంగా, స్థిరంగా చెప్పండి. కులం చూసి సంబంధం కలుపుకోవడం గురించి కూడా ఇదే నా మాట. ఒకే బల్ల దగ్గర రొట్టె విరిచి, పెళ్లి దగ్గరికి వచ్చేసరికి వేరైపోయేవాళ్లం ఒకే శరీరమని ఎలా చెప్పుకుంటాం?

యౌవనంలో మొదలుపెట్టింది ముసలితనం దాకా సాగుతుందా అని మీకు సందేహం రావచ్చు. బైబిల్లో యోషీయా ఎనిమిదేళ్లకు యూదా దేశానికి రాజయ్యాడు, పదహారేళ్లకు దేవుణ్ణి వెదకడం మొదలుపెట్టాడు, ఇరవయ్యేళ్లకు దేశాన్ని శుద్ధి చేయసాగాడు. ధర్మశాస్త్ర గ్రంథం దొరికేటప్పటికి అతడికి ఇరవయ్యారు. దొరికిన గ్రంథం విని బట్టలు చింపుకోగలిగాడంటే, అప్పటికే పదేళ్లుగా ఆ హృదయం మెత్తబడుతూ వచ్చింది. మన కాలంలోనే చూడాలంటే స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ గారు ఉన్నారు. యువకుడిగా తనను సేవకు అప్పగించుకున్న ఆయన 1969లో ఈ కరువు జిల్లాకు వచ్చారు. 2009లో కన్నుమూసే వరకు, నలభై ఏళ్లు, మతం అడగకుండా పేదల మధ్యే ఉన్నారు. ఆయన సంస్థ కట్టిన బత్తలపల్లి ఆసుపత్రికి వెళ్లినవారికి నేను వేరే వివరించనక్కరలేదు.

చివరిగా సంఘ పెద్దలకు ఒక మనవి. ఏటా చదువులకు, ఉద్యోగాలకు మన పిల్లలు ఊరు విడిచి వెళ్తున్నారు. వెళ్లే ముందు వాళ్లకు ప్రార్థన చేసి పంపుతున్నాం, అంతటితో మన బాధ్యత తీరిందనుకుంటున్నాం. వెళ్లే ఊరిలో దగ్గరి సంఘం ఏదో కనుక్కుని, అక్కడి కాపరికి ముందుగానే ఫోను చేయండి. ఒక్కో పిల్లవాడికి, పిల్లకు మన సంఘం నుంచి ఒక పెద్దను ఒప్పగించండి, వారానికి ఒకసారి పలకరించడానికి. అమ్మాయిలకు స్త్రీల సమాజం వారు ఆ పని చేయాలి. ఇక్కడే ఉండిపోయే పిల్లలను కుర్చీలు మోయడానికి, మైకు కట్టడానికి మాత్రమే పిలవవద్దు. వాక్యం చదవనివ్వండి, కానుకల లెక్కలు చూడనివ్వండి, రోగులను దర్శించడానికి వెంట తీసుకెళ్లండి. ఈ జూన్‌లో వెళ్లబోయేవారు కూడిక ముగిశాక మీ పేరు, వెళ్లే ఊరు కాపరిగారి దగ్గర రాయించండి. నేను కూడా ఇక్కడే ఉంటాను, వచ్చి కలవండి.