అమ్మ ఐరన్ మాత్ర, నా అల్లం నీళ్ళు
(తెనాలిలో ఉదయపు నడక మిత్రుల వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)

సభాధ్యక్షులకు, ఈ పార్కులో నాకంటే ఎన్నో ఏళ్ళ ముందు నుంచే నడుస్తున్న పెద్దలకు, రోజూ నాతో పాటు నాలుగు చుట్లు తిరిగే అక్కచెల్లెళ్ళకు నమస్కారం. ఉదయం అల్లంతో, పండ్లతో కాచుకునే టీ ఆరోగ్యానికి ఎంత మేలు చేస్తుందో ఇరవై నిమిషాలు చెప్పమన్నారు. నేను వైద్యురాలిని కాను. మహిళా కళాశాలలో ముప్పై ఏళ్ళు రసాయన శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన దానిని. ఏ కషాయంతో ఏ జబ్బు పోతుందో నేను చెప్పలేను, గ్లాసులో ఏది దేనితో కలిస్తే ఏమవుతుందో మాత్రం చెప్పగలను.

ముందుగా పేరు సంగతి చూద్దాం. తేయాకు వేయకుండా అల్లం, నిమ్మ, బత్తాయి వేసి కాచిన నీళ్ళను మన ఇళ్ళలో టీ అనలేదు, కషాయం అన్నారు. శొంఠి లేని కషాయం లేదని సామెత కూడా ఉంది. ఇప్పుడు పండ్ల టీ పేరుతో అమ్మే పెట్టెలలో కొన్నింటిలో తేయాకు ఉంటుంది, కొన్నింటిలో ఉండదు, వెనుక వైపు సన్నని అక్షరాలు చదివితే తప్ప ఆ సంగతి తెలియదు. ఎర్రగా దిగే రకాలలో ఆ ఎరుపు చాలావరకు పండుది కాదు, గోంగూర జాతి మొక్కకు పువ్వు రాలిన తరువాత కాయ చుట్టూ మిగిలే కండగల ఎర్రని రేకులది. ఈజిప్టువారు దానినే కర్కడే అని వేడిగానూ చల్లగానూ తాగుతారు. గోంగూర పుట్టింటిలో ఉన్న మనం ఆ రేకులను రంగుల పెట్టెలో, బంగారం కొన్నట్టు కొనుక్కుంటున్నాం, అది వేరే బాధ.

ఇక అల్లం. పచ్చి అల్లంలోని ఘాటుకు జింజరాల్ అనే పదార్థం కారణం. అల్లాన్ని ఎండబెట్టినప్పుడు ఆ జింజరాల్ నుంచి ఒక నీటి అణువు తొలగి షోగాల్ అవుతుంది, అది మరింత ఘాటైనది, అందుకే చిటికెడు శొంఠి గొంతులో అంత మంట పుట్టిస్తుంది. వేవిళ్ళలో వచ్చే వికారాన్ని అల్లం కొంత తగ్గిస్తుందని పరీక్షలలో తేలింది. వాటిలో ఎక్కువగా రోజుకు 1 గ్రాము అల్లం పొడి వాడారు. కడుపు ఉబ్బరానికి, జలుబు చేసినప్పుడు గొంతుకు ఇచ్చే హాయి మీకు అనుభవంలోనే ఉంది. అంతకు మించి షుగరును దించుతుందని, కొవ్వును కరిగిస్తుందని సెల్‌ఫోనులో వచ్చేవన్నీ నమ్మి మాత్రలు మానవద్దని మీకు చేతులు జోడించి చెబుతున్నాను.

పచ్చి అల్లం పాలలో వేస్తే ఎందుకు విరుగుతాయని నన్ను చాలామంది అడుగుతారు. అల్లంలో మాంసకృత్తులను ఛేదించే ఒక ఎంజైము ఉంది, వేడి చేస్తే అది నశిస్తుంది, కనుక ముందు అల్లాన్ని నీళ్ళలో బాగా మరగనిచ్చి తరువాత పాలు పోసేవారికి ఆ ఇబ్బంది రాదు. మా అమ్మ బడికి వెళ్ళి చదువుకోలేదు కానీ ఆ వరుస ఎన్నడూ తప్పలేదు.

అమ్మ పేరు వచ్చింది కనుక, నేను అసలు చెప్పాలనుకున్నది ఇక్కడే చెబుతాను, అధ్యక్షులవారు మన్నించాలి. మా అమ్మకు అరవై దాటాక నీరసం, ఆయాసం మొదలయ్యాయి. రక్తం పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 8 దగ్గర ఉంది. ఐరన్ మాత్రలు రాశారు. ఏడాది వాడినా అంకె కదలలేదు, మాత్ర మార్చారు, మరో ఏడాది గడిచింది. చివరికి ఒక కొత్త డాక్టరమ్మ ఆ కాగితాలన్నీ పక్కన పెట్టి, "మాత్ర దేనితో వేసుకుంటున్నారమ్మా?" అని అడిగింది. అమ్మ ఎంతో సంతోషంగా, "పొద్దున్నే మా అమ్మాయి ఇచ్చే టీతోనమ్మా" అన్నది.

ఆ అమ్మాయిని నేనే. ఆ క్షణంలో ఆ గదిలోని నేల చీలి నన్ను మింగితే బాగుండునని అనిపించింది. ఎందుకంటే తేయాకుకూ కరక్కాయకూ వగరునిచ్చే టానిన్లు ఇనుముతో కలిస్తే నల్లగా మారి విడదీయరాని పదార్థం అవుతుందని ఏటేటా పరీక్షనాళికలో చేసి చూపించిన దానిని నేను. పలుచని టీలో ఫెర్రిక్ క్లోరైడు రెండు చుక్కలు వేస్తే నీలి నలుపు సిరా అవుతుంది. వెనుకటి తరాలు అన్నభేది అనే ఇనుప లవణాన్ని, కరక్కాయ కషాయాన్ని కలిపి సిరా చేసుకున్నది ఈ సూత్రం మీదే. కాళహస్తిలో కలంకారీ పనివారు కరక్కాయ, పాలలో తడిపి ఆరబెట్టిన గుడ్డ మీద, పాత ఇనుమును బెల్లపు నీటిలో పులియబెట్టిన ద్రావణంతో గీత గీస్తే, గీసిన చోటల్లా చూస్తుండగానే నల్లబడుతుంది. నేను ప్రతి సంవత్సరం విద్యార్థినులకు ఆ బట్ట చూపించి పాఠం చెప్పి, ఇంటికి వచ్చి మా అమ్మ కడుపులో రోజూ అదే కలంకారీ వేశాను. మాత్రలోని ఇనుము రక్తంలో చేరవలసినంత చేరకుండా సిరాగా మారి బయటికి పోయింది.

మాత్ర టీతో మానిపించి నిమ్మరసం కలిపిన నీళ్ళతో ఇవ్వడం మొదలుపెట్టాను. విటమిన్ సి ఇనుమును పేగులు పీల్చుకోవడానికి అనువైన రూపంలో ఉంచుతుంది. నాలుగు నెలలకు అంకె 10 దాటింది. ఇంటికి వచ్చిన ప్రతివారికీ అమ్మ తన కనురెప్ప కింద ఎరుపు చూపించేది.

ఇది మా ఇంటి గొడవ మాత్రమే అనుకోకండి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8 మంది, తెలంగాణలో 57.6 మంది. దీనికి టీ ఒక్కటే కారణమని నేను అనడం లేదు, తిండి చాలకపోవడం పెద్ద కారణం. కానీ తినే ఆ కాస్త ఆకుకూరలోని ఇనుమును కూడా టీతో తోసేయడం దేనికి? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలలో భోజనానికి గంట ముందు, గంట తరువాత టీ, కాఫీలు వద్దని స్పష్టంగా చెప్పింది. ఆ సంస్థ 1918లో పుట్టింది కూనూరులో, టీ తోటల నడుమ. హైదరాబాదుకు వచ్చింది 1958లో. టీ తోటల మధ్య పుట్టినవారే టీకి వేళ పెట్టమంటే వినకపోతే ఎలా?

కనుక పొద్దుటి గ్లాసు విషయంలో నేను చేసేది ఇది. బొటనవేలి కణుపంత అల్లాన్ని మట్టి పోయేలా కడిగి, చెంచా అంచుతో పొట్టు గీకి, రోట్లో కచ్చాపచ్చాగా దంచి, రెండు గ్లాసుల నీళ్ళలో అవి గ్లాసున్నరకు దిగేదాకా మరగనిస్తాను. దించి, వేలు పెట్టి చూసుకోగలిగినంత చల్లారిన తరువాతే అర చెక్క నిమ్మకాయ పిండుతాను. పొయ్యి మీద ఉండగా పిండితే విటమిన్ సి కొంత పోతుంది, చేదు కూడా దిగుతుంది. మన ఊరి నిమ్మ మార్కెట్టు నుంచి లారీలు ఎక్కడెక్కడికో వెళుతుంటే మనం నిమ్మ వాసన వేసిన పొట్లాలు కొనడం నాకు బొత్తిగా మింగుడు పడదు. పండు కావాలంటే బత్తాయి తొనలు నాలుగు చిదిమి వేసుకోండి, బాగుంటుంది. తేనె, బెల్లం కూడా చక్కెర లెక్కలోకే వస్తాయి. రోజుకు నాలుగు కప్పులు, కప్పుకు రెండు చెంచాలు వేసుకునేవారికి దాదాపు 35 గ్రాముల చక్కెర టీ ద్వారానే వెళుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 25 గ్రాముల లోపు ఉంటే మంచిదంటున్నది. ఈ నీళ్ళ మేలులో సగం, మానిన ఆ తీపి టీదే.

రక్తం పలుచబడే మందులు వాడేవారు, పిత్తాశయంలో రాళ్ళున్నవారు, ఛాతీలో మంట ఉన్నవారు డాక్టరును అడిగి తాగండి. పులుపు తాగిన తరువాత మామూలు నీటితో నోరు పుక్కిలించండి, పళ్ళ పింగాణీకి మంచిది.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. అటు చెట్టు కింద ఇడ్లీ పళ్ళేలు, పక్కనే పెద్ద క్యానులో టీ సిద్ధంగా ఉన్నాయి. ఆ క్యాను మూత ఒక్క గంట తెరవవద్దని వడ్డన పిల్లలకు చెప్పి వచ్చాను. నా సంచిలో రెండు ఫ్లాస్కుల అల్లం నీళ్ళు ఉన్నాయి, నిమ్మకాయలు ఇక్కడే కోస్తాను. ఐరన్ మాత్ర వేసుకునే ఆడవాళ్ళు ఎవరైనా ఉంటే ముందు వరుసలోకి రండమ్మా, మాత్ర దేనితో వేసుకుంటున్నారో ఒక్కొక్కరినీ అడగాలి.